చప్పుడు వేరు, అదురు వేరు

మన హాస్టల్లో కింది అంతస్తులో ఉండేవాళ్లకి ఈ విషయం కొత్తగా చెప్పక్కర్లేదు. పైరూంలో నలుగురు కూర్చుని ఎంత గట్టిగా మాట్లాడుకున్నా మనకి మాట వినపడదు. అదే వాళ్లలో ఒకరు రాత్రి ఒంటిగంటకి కుర్చీ జరిపితే మన నెత్తిమీదే జరిపినట్టు ఉంటుంది. అరుపు ఆగిపోయి, కుర్చీ కాలు మాత్రం ఎందుకు దిగి వస్తుంది? దీనికి జవాబు తెలిస్తే ఇంటి నేలకి ఏం వేయాలో సగం తెలిసినట్టే. నాకు మాత్రం ఆ జవాబు అవసరం పడింది హాస్టల్లో కాదు. భూపాలపల్లిలో మా ఇంట్లో, పోయిన ఎండాకాలం సెలవుల్లో.

మా నాన్న సింగరేణిలో సపోర్ట్‌మన్. అండర్‌గ్రౌండ్ గనిలో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా బోల్టులు బిగించడం, ఆసరాలు నిలబెట్టడం ఆయన పని. మా దిక్కు గనిని బాయి అంటారు. బాయిలో ముందుకు పోయే ముందు కప్పుని తట్టి చూస్తారు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. ఆ డొల్ల చప్పుడు వినగానే వెనక్కి జరగాలి, మిగతావాళ్లని జరపాలి. మిషన్లు ఎన్ని వచ్చినా కప్పుని చెవితో వినే పని ఇప్పటికీ ఉంది. అంటే నాన్న చెవి, నాన్న మెలకువ ఆయన ఒక్కడికి సంబంధించినవి కావు. రాత్రి షిఫ్ట్ పడ్డ వారం ఆయన పగలు సరిగ్గా నిద్రపోయాడా లేదా అనేది మా ఇంట్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న.

మేం ఉండేది కింద పోర్షన్‌లో, కిరాయికి. పైన కూడా కిరాయికే ఒక అక్క ఇద్దరు పిల్లలతో ఉంటుంది. ఆమెకి కుట్టు మిషనే ఆధారం. బ్లౌజులు, ఫాల్స్, పీకో. ఎండాకాలం వచ్చిందంటే బడి యూనిఫాంలు కూడా. జూన్‌లో బడి తెరిచే లోపు కట్టలు కట్టలు కుట్టి ఇవ్వాలి. ఆమె మిషన్ పొద్దున తొమ్మిదింటికి మొదలవుతుంది. నాన్న స్నానం చేసి, ఇంత తిని, మంచం మీద వాలేది కూడా సరిగ్గా తొమ్మిదింటికే.

దేశంలో శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచి ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. మరి నాన్నకి రాత్రి పొద్దున తొమ్మిదింటికి మొదలవుతుందే! ఆయన రాత్రిని ఏ నియమమూ లెక్కలోకి తీసుకోలేదు. నర్సులు, సెక్యూరిటీ గార్డులు, బస్సు డ్రైవర్లు అందరిదీ ఇదే కథ. అమెరికా టైంకి పనిచేయబోయే మనలో చాలామందిది కూడా.

అమ్మ విసిగిపోయి "ఇంటాయనకు చెప్తే ఆమెను ఖాళీ చేయిస్తడు గదా" అంది. నాన్న ఒప్పుకోలేదు. "ఆమె కాలు ఆగితే ఆమె పొయ్యి ఆగుతది. నేనే చెవుల దూది వెట్టుకుంట తియ్" అన్నాడు. పెట్టుకున్నాడు కూడా. ఏం లాభం లేదు. మిషన్ ఆడినప్పుడల్లా చెవికి వినపడటం కన్నా ముందు మంచం పట్టీలోంచి వీపుకి తెలుస్తుందట.

నాన్న చెప్పిన ఆ మాటకి పేరు పెట్టింది మా అమ్మమ్మ. ఆమెది మానుకోట దగ్గర పల్లె, ఇల్లు రైలు పట్టాలకి దగ్గర. కాజీపేట నుంచి విజయవాడ పోయే బండ్లన్నీ ఆమె ఇంటి వెనక నుంచే పోతాయి. ఫోన్‌లో విషయం చెప్తే "అది చప్పుడు గాదే పిల్లా, అదురు. చప్పుడు చెవులకు వస్తది, అదురు ఒంటికి వస్తది" అంది. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. నెట్‌లో వారం రోజులు చదివి అర్థం చేసుకున్న తేడాకి తెలుగులో ఎప్పటినుంచో రెండు మాటలు ఉన్నాయని అప్పుడే తెలిసింది. కాబట్టి ఈ వ్యాసంలో ఇక అవే వాడతాను.

చప్పుడు గాలిలో ప్రయాణిస్తుంది. మాట, పాట, టీవీ, కుక్కర్ విజిల్. దాన్ని ఆపాలంటే బరువు కావాలి. గోడ గానీ స్లాబు గానీ ఎంత బరువుంటే గాలి దాన్ని కదపడం అంత కష్టం. బరువు రెట్టింపైతే దాటి వచ్చే చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మన ఇళ్లలో వేసే ఐదంగుళాల ఆర్సీసీ స్లాబు చదరపు మీటరుకి 300 కిలోలకి పైనే బరువుంటుంది. పైరూం వాళ్ల ముచ్చట్లు మనకి వినపడకపోవడానికి కారణం అదే.

అదురు సంగతి వేరు. అది గాలిలో కాదు, నేరుగా స్లాబులోనే పుడుతుంది. కాలి మడమ, కుర్చీ కాలు, కింద పడ్డ కత్తెర, మిషన్ స్టాండు... ఏదైనా సరే, గట్టి వస్తువు గట్టి నేలని కొట్టగానే స్లాబు మొత్తం డప్పులా మోగుతుంది. కాంక్రీటులో శబ్దం గాలిలో కన్నా సుమారు పది రెట్లు వేగంగా పోతుంది. బీముల్లోకి, గోడల్లోకి పాకుతుంది. ఇక్కడ స్లాబు బరువు మనకి పెద్దగా సాయం చేయదు. చప్పుడు ఆపడంలో ఫస్ట్ క్లాస్ వచ్చిన స్లాబే అదురు ఆపడంలో ఫెయిల్ అవుతుందన్నమాట.

దీన్ని కొలవడానికి ప్రపంచమంతా ఒకే రకం యంత్రం వాడుతుంది. అరకిలో బరువున్న ఐదు సుత్తులు వరసగా, 4 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, సెకనుకి పది దెబ్బల చొప్పున నేల మీద పడుతుంటాయి. కింది గదిలో మైకు పెట్టి ఎంత వినపడుతోందో కొలుస్తారు. దాని నుంచి ఐఐసీ అనే మార్కు లెక్కిస్తారు. ఎంత ఎక్కువైతే నేల అంత మంచిది. అమెరికా బిల్డింగ్ కోడ్ అపార్ట్‌మెంట్లలో ఇళ్ల మధ్య నేలకి కనీసం 50 ఉండాలంటుంది. ఏమీ పరవని ఉత్త కాంక్రీటు స్లాబుకి వచ్చేది 30 దగ్గర్లోనే. మన జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016లో కూడా శబ్ద నియంత్రణకి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది, ఎనిమిదో భాగం నాలుగో సెక్షన్. మా కాలనీలో ఇల్లు కట్టినవాళ్లు దాన్ని తెరిచిన దాఖలా నేనైతే చూడలేదు. టైల్ రంగు మీద మాత్రం వారం రోజులు చర్చ జరుగుతుంది.

ఇక మార్కెట్లో ఏం దొరుకుతాయో చూద్దామని హనుమకొండలో ఒక షాపుకి పోయాను. షాపతను ముందుగా చూపించింది కోడిగుడ్ల ట్రేలా గుంతలు గుంతలుగా ఉండే ఫోమ్ షీట్లు. "స్టూడియోలకు ఇవే ఏస్తరు మేడం, సీలింగ్‌కు అంటిస్తే అయిపాయె" అన్నాడు. స్టూడియోలకి వేసే మాట నిజమే. కానీ అవి గదిలో పుట్టిన చప్పుడు గోడకి తగిలి తిరిగి రాకుండా పీల్చుకోవడానికి. పక్క గది నుంచో పై గది నుంచో వచ్చేదాన్ని ఆపడానికి కాదు. పీల్చడం, ఆపడం రెండూ వేర్వేరు పనులు. పైగా నిప్పంటుకుంటే ఆ ఫోమ్ తొందరగా కాలుతుంది. ఇది కొనాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఒక్క పేరా గుర్తుంచుకోండి చాలు.

మరి కింద ఫాల్స్ సీలింగ్ వేస్తే? కొంత తగ్గుతుంది. కానీ మామూలుగా వేసే సీలింగ్‌ని ఇనుప కడ్డీలతో స్లాబుకే వేలాడదీస్తారు, అదురు ఆ కడ్డీల గుండా దిగుతుంది. రబ్బరు లేదా స్ప్రింగు ఉన్న హ్యాంగర్లు వాడి, మధ్యలో రాక్‌వూల్ నింపి, గట్టిగా మూస్తే మేలు. అప్పుడు కూడా గోడల గుండా దిగేది దిగుతూనే ఉంటుంది. కిరాయి ఇంట్లో అంత ఖర్చు ఎవరు పెడతారు?

ఎక్కడ చదివినా చివరికి తేలింది ఒకటే. అదురుని అది పుట్టిన చోటే పట్టుకోవాలి. అంటే బాధ పడేది కిందివాళ్లు, మందు వేయాల్సింది పైవాళ్ల నేలకి. కిందివాళ్ల చేతిలో దాదాపు ఏమీ లేదు. పైవాళ్ల నేల, కిందివాళ్ల కప్పు రెండూ ఒకటే స్లాబు. దానికి ఏ రబ్బరు వేయాలి అనే ప్రశ్న కన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. పైకి పోయి మాట్లాడేది ఎవరు?

నాన్నే పోయాడు. నన్ను తోడు తీసుకుని. పైకి పోయేసరికి అక్క మిషన్ ఆపేసి లేచి నిలబడింది. మేం నోరు తెరవకముందే "కాకా, ఇంకో ఇరవై రోజులే, యూనిఫాంలు అయిపోతె పగటిపూట తక్కువ కుడత. ఇంటాయనకు చెప్పకుర్రి" అంది. అంటే ఆమెకి తెలుసు. మేం ఎప్పుడు వచ్చి గొడవ పెడతామో అని భయపడుతూనే ఇన్ని రోజులు కుట్టింది. నాన్న నేల మీదే కూర్చుని "చెప్పనీకి రాలే బిడ్డా. నువ్వు కుట్టాలె, నేను పండాలె. రెండు అయ్యేటట్టు చూద్దామని వచ్చిన" అన్నాడు.

పైసా ఖర్చు లేకుండా చేసింది ముందు చెప్తాను. ఆమె మిషన్ సరిగ్గా గది నడిమధ్యలో, కిటికీ వెలుతురు పడే చోట ఉంది. దాని కిందనే నాన్న మంచం. స్లాబు నడుమ ఎక్కువ ఊగుతుంది, గోడల దగ్గర, బీముల దగ్గర తక్కువ ఊగుతుంది. తాడు ఆటలో తాడు నడుమ ఎగిరినంత చివర ఎగరదు కదా, అలా. మిషన్‌ని వేరే గదిలో మూలకి, కింద మా వంటింటి మీదికి వచ్చేలా జరిపాం. అక్కడ వెలుతురు తక్కువ కాబట్టి మా ఇంట్లో ఉన్న ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ ఆమెకి బిగించి ఇచ్చాం.

తరవాత మిషన్ కాళ్ల కింద వేసే మెత్త. ఇక్కడ చిన్న లెక్క ఉంది, మన బ్రాంచివాళ్లకి ఫస్టియర్ ఫిజిక్స్ చాలు. బరువు పెట్టినప్పుడు ఆ మెత్త ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందో చూడాలి. ఆ సంఖ్య వర్గమూలంతో 16ని భాగిస్తే, ఆ మెత్త మీద మిషన్ సహజంగా సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో సుమారుగా వస్తుంది. 4 మిల్లీమీటర్లు దిగితే సెకనుకి 8 సార్లు. మిషన్ కొట్టే వేగం దీనికి 1.4 రెట్లు దాటితేనే కిందికి పోయే అదురు తగ్గడం మొదలవుతుంది. దాటకపోతే తగ్గకపోగా పెరుగుతుంది. నిమిషానికి 900 కుట్లు అనుకుంటే సెకనుకి 15, అంటే 8కి దాదాపు రెండింతలు. సరిపోతుంది. అదే గట్టి రబ్బరు వేస్తే బరువుకి అర మిల్లీమీటరు కూడా దిగదు, వేసినా వేయనట్టే.

ఇంకో సంగతి. మెత్త కదా అని రబ్బరు మ్యాట్ మొత్తం పరిచి దాని మీద మిషన్ పెడితే బరువు అంతటా పంచుకుపోయి ఎక్కడా దిగదు. అందుకే మందమైన ప్లైవుడ్ పలక మీద మిషన్ పెట్టి, పలక నాలుగు మూలల కింద మాత్రమే రబ్బరు ముక్కలు పెట్టాం. తగినంత దిగేదాకా ముక్కల్ని కోసి చిన్నవి చేస్తూ పోయాం. ఒక దశలో అక్క ఆపమంది. "ఇంక మెత్తగ చేస్తే మిషన్ ఊగుతది చెల్లె, కుట్టు వంకర పోతది" అంది. ఆ హద్దు ఏ ఫార్ములాలోనూ లేదు, ఆమె చేతికే తెలుసు. అక్కడే ఆపేశాం.

కత్తెర పడటానికి, పిల్లలు ఉరకడానికి మిషన్ కింది రబ్బరు పనికిరాదు కదా. దానికి మంచం పైభాగాన వచ్చే గదిలో పాత షత్రంజీ రెండు మడతలు పరిచాం. వరంగల్ కొత్తవాడలో నేసే షత్రంజీలకి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది, పెళ్లిళ్లలో కూర్చోబెట్టడానికి అవే వేస్తారు. కార్పెట్ లాంటి మెత్తటి పరుపు ఏదైనా సరే, అడుగుల అదురు తగ్గించడంలో దానంత చవకైన మందు లేదు. కాకపోతే చప్పుడుని మాత్రం ఆపదు, అది స్లాబు పని. కుర్చీ కాళ్లకి మందమైన ఫెల్ట్ ముక్కలు అంటించాం. అన్నీ కలిపి మా ఇంటి నెల పాల బిల్లు కన్నా తక్కువే అయింది. సగం అక్క ఇస్తానంటే నాన్న వద్దన్నాడు. వారం తరవాత ఆమె నాన్న డ్యూటీ ప్యాంట్లు రెండు తీసుకుపోయి మోకాళ్ల దగ్గర డబుల్ గుడ్డ వేసి కుట్టి తెచ్చింది.

పని చేసిందా? నా ఫోన్‌ని మంచం పట్టీ మీద పెట్టి, ఫైఫాక్స్ అనే యాప్‌తో ముందూ తరవాతా అదురు రికార్డు చేశాను. ఫోన్‌లో ఉండే యాక్సిలరోమీటర్‌తోనే అది కొలుస్తుంది, జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీవాళ్లు చేసిన ఉచిత యాప్. ముందు తుమ్మముళ్లలా ఉన్న గీత తరవాత గడ్డిలా పడుకుంది. పూర్తిగా పోలేదు. వంటింట్లో నిలబడితే మిషన్ ఇప్పటికీ తెలుస్తుంది. కానీ ఆ రాత్రి షిఫ్ట్ వారం నాన్న పొద్దున తొమ్మిదిన్నరకి పడుకుని మధ్యాహ్నం రెండున్నరకి తనంతట తను లేచాడు. నాకు గ్రాఫ్ కన్నా అది ముఖ్యం.

జూన్‌లో కాలేజీకి వచ్చేముందు మానుకోట పోయాను. అమ్మమ్మ ఇల్లు పాతకాలం మిద్దె. దూలాల మీద వాసాలు, వాటి మీద చెక్కలు, వాటి మీద జానెడు మందం మట్టి. పైన ఎవరైనా నడిచినా కింద పెద్దగా తెలియదు. మట్టికి బరువూ ఉంది, దెబ్బని తనలోనే అరిగించుకునే గుణమూ ఉంది. పక్క ఊళ్లన్నీ మిర్చి పండించేవే కాబట్టి ఆ ఇంట్లో కారం దంచడం పెద్ద పని. రోలు కింద అమ్మమ్మ ఎప్పుడూ పాత బొంత నాలుగు మడతలు పెడుతుంది. ఎందుకని అడిగితే "అదురకుంట" అంది. నేను 16ని వర్గమూలంతో భాగించి తెలుసుకున్నది ఆమెకి బొంత మడతల లెక్కలో తెలుసు.

ఆ మిద్దె ఇప్పుడు కురుస్తోంది. బాగుచేసే మేస్త్రీలు దొరకట్లేదు. అమ్మమ్మకి మోకాళ్లు పట్టేశాయి. అందుకని జనగామలో మా మేనమామ కడుతున్న ఇంటికి ఆమెని తీసుకుపోతున్నారు. కింద ముందు గది ఆమెకి. పైన అంతస్తు కిరాయికి. స్లాబు అయిపోయింది, గిలాబు నడుస్తోంది, పైన విట్రిఫైడ్ టైల్స్ వేయబోతున్నారు. అంటే ఇంతకాలం మట్టి కింద పడుకున్న మనిషి ఇప్పుడు ఎవరో తెలియని కిరాయివాళ్ల కుర్చీల కింద పడుకోవాలి.

మామకి చెప్పాను. టైల్స్ వేశాక చేయాలంటే అన్నీ తవ్వాలి, ఇప్పుడైతే సులువు. స్లాబు మీద రబ్బరు గానీ కార్క్ గానీ షీటు పరిచి, దాని మీద సిమెంటు బెడ్డు పోసి, దాని మీద టైల్స్. దీన్ని తేలే నేల అంటారు. బెడ్డు స్లాబుకి ఎక్కడా తగలకుండా షీటు మీద తేలుతూ ఉంటుంది. మామూలు థర్మాకోల్ వద్దు, అది గట్టిది. పరుపు ఫోమ్ వద్దు, బెడ్డు బరువుకి నలిగి కాగితమైపోతుంది. మన ఇళ్లలో నేల కడుగుతాం కాబట్టి నీళ్లు పీల్చేది ఏదీ కింద ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గోడ వెంబడి చుట్టూ మెత్తటి పట్టీ పెట్టాలి. టైల్ అంచు గానీ స్కర్టింగ్ కింద సిమెంటు గానీ ఒక్క చోట గోడని, నేలని కలిపినా అదురు ఆ దారి పట్టుకుని దిగిపోతుంది. ఎంత మంచి షీటు కొన్నా మేస్త్రి ఆ పట్టీ మర్చిపోతే సగం డబ్బులు వృథా.

మామ అంతా విని "ఏందే, కిరాయోళ్ల నేలకు నేనెందుకు పైసలు పెట్టాలె?" అన్నాడు. "కిరాయోళ్ల నేల కాదు మామా, అమ్మమ్మ కప్పు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత మేస్త్రిని పిలిచి ముందు గది పైభాగం కొలతలు తీసుకోమన్నాడు.

ఆ ఒక్క గదికే ఒప్పుకున్నాడు. వచ్చే నెల పని మొదలు. మేస్త్రికి ఆ పట్టీ పని ఎప్పుడూ చేయలేదట, వీడియో కాల్‌లో దగ్గరుండి చూపిస్తానని చెప్పాను. మిగతా గదులకి కూడా వేయమని ప్రతి ఆదివారం ఫోన్ చేసి అడుగుతున్నా. మామ ఇంకా ఒప్పుకోలే.